ఎడమచేతి హీరో

మా బావ నోరు తెరిపించింది నేనే. డాక్టరు మాత్రలు రాశాడు, ఫిజియోథెరపీ దీదీ ఇంటికి వచ్చి వెళ్ళేది, గుళ్ళో అర్చనలు జరిగాయి. ఎవరివల్లా కాలేదు. నేను ఫోనులో ఒక పాత సినిమా గురించి నాలుగు ముక్కలు రాశాను, బావ మాట్లాడాడు. బెంగాల్లో ఉన్న మా ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సుభాష్‌పల్లి దాకా ఏ తెలుగువాణ్ణి అడిగినా ఈ సంగతి చెబుతాడు. ఊరంతా తిరిగి చెప్పింది నేనే కాబట్టి తప్పకుండా చెబుతాడు.

ఏ మాట రాస్తే ఆయనకి మండుతుందో ముందే ఆలోచించి, కావాలనే తప్పు రాసి, వల వేసి పట్టానని కూడా చెప్పాను. ఆ ముక్క దగ్గర కొంచెం సాగదీశాను. ఎంత సాగదీశానన్నది పోనుపోను మీకే తెలుస్తుంది.

మాదొక ఫోన్ గ్రూపు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు మావి. నాలాంటి రిటైరైనవాళ్ళు, ఇంకా డ్యూటీ చేస్తున్న మా పిల్లలు, ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకోవడానికి ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన విద్యార్థులు కొందరు, అందరూ అందులోనే ఉన్నారు. మొదట్లో గుడి పనులకీ, ఎవరైనా పోతే కబురు చెప్పుకోవడానికీ పెట్టారు. ఒక చావుకీ ఇంకో చావుకీ మధ్య గ్రూపు ఊరికే పడి ఉండటం నాకు నచ్చలేదు. ఒకనాడు పొద్దున్న టీ తాగుతూ, ముందురోజు చూసిన సినిమా గురించి రాశాను. "మొదటి సగం మెయిల్ బండి లాగా పోయింది. రెండో సగం ఔటర్‌లో నిలబెట్టేశారు. సిగ్నల్ ఎప్పుడు పడుతుందో డైరెక్టరుక్కూడా తెలీదు." జీవితమంతా రైళ్ళ మధ్య బతికిన జనం కదా, నవ్వారు. ఆ నవ్వు రుచి మరిగి రోజుకో అభిప్రాయం మొదలుపెట్టాను. నచ్చిన సినిమాకి లైన్ క్లియర్ ఇచ్చేవాణ్ణి, నచ్చనిదాన్ని యార్డుకి పంపేవాణ్ణి. పుస్తకమైతే సగం చదివి పూర్తి అభిప్రాయం రాసేవాణ్ణి. కొత్త పాటలైతే పక్కింటి గోడ దాటి వినబడినంత మటుకు విని, సంగీతం ఎలా దిగజారిపోయిందో చెప్పేవాణ్ణి. నా మాట కోసం ఊరు ఊరంతా కాచుకుని ఉందని కొన్నాళ్ళు గట్టిగా నమ్మాను. సగం మంది గ్రూపు చప్పుడు వినబడకుండా నొక్కి పెట్టుకున్నారని తరవాత తెలిసింది.

మిగిలినవాళ్ళు బొటనవేలు బొమ్మ పెట్టి పోయేవారు. మా బావ మాత్రం చదివేవాడు.

బావ అంటే మా ఆవిడకి అన్న. నాకన్నా కొంచెం పెద్ద. ఒకే వీధిలో పెరిగాం, ఒకే వర్క్‌షాపులో రైలు పెట్టెలు రిపేరు చేశాం. రిటైరయ్యాక నేను సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. బావ కూతురికి రైల్వేలోనే ఉద్యోగం రావడంతో ఆయన న్యూ సెటిల్‌మెంట్‌లో ఆమె క్వార్టరులో ఉంటున్నాడు. మా ఇంటి నుంచి సైకిలు మీద దగ్గరే. ఆయనకి అక్షరాలు కొట్టే ఓపిక లేదు, గొంతు రికార్డు చేసి పంపేవాడు. షాపులో సుత్తుల మోత మీద అరిచి అరిచి బలిసిన గొంతది. నేను పొద్దున్న అభిప్రాయం పెడితే మధ్యాహ్నానికల్లా దిగేది.

"ఒరే బావా, సివర్న హీరోయిన్ అద్భుతంగా ఏడ్సింది అని రాసినావు. ఏడ్సింది హీరోయిన్ కాదురా, ఆళ్ళక్క. హీరోయిన్ అప్పటికే సచ్చిపోనాది. నువ్వు మళ్ళీ మజ్జిలో నిద్దరోయినావు."

గ్రూపంతా వినేది. గ్రూపుని నొక్కి పెట్టుకున్నవాళ్ళు కూడా బావ గొంతు వచ్చిందంటే తెరిచి వినేవారట. నాకు ఉడుకుమోత్తనంగా ఉండేది. ఆయన పంపని రోజున ఫోను పాడైందేమోనని నాలుగుసార్లు చూసుకునేవాణ్ణన్నది వేరే సంగతి.

పోయిన వానాకాలంలో బావకి పక్షవాతం తగిలింది. పెద్దది కాదు, ప్రాణం మీదకి రాలేదు. కాలు కొన్నాళ్ళకి కర్ర సాయంతో దారికొచ్చింది. కుడి చెయ్యి రాలేదు. మాట వచ్చింది గానీ ముద్దగా, నోట్లో పెసరట్టు పెట్టుకున్నట్టు వచ్చేది. అయినా మొదట్లో మాట్లాడేవాడు. ఒకరోజు కర్ర పట్టుకుని తనంతట తను వీధి చివర టీ కొట్టుకి వెళ్ళి టీ అడిగాడు. కొట్టు నడిపే బెంగాలీ దాదా కొత్తవాడు, బావ సంగతి తెలీదు. ఆ మాట తీరు విని నవ్వుతూ, "కీ దాదా, ఆజ్ సకాల్ థేకేయి?" అన్నాడట. ఏమయ్యా, ఇవాళ పొద్దున్నించే మొదలెట్టేశావా అని. జన్మలో చుక్క ముట్టని మనిషి మా బావ. టీ తాగకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. విషయం తెలిసి ఆ దాదా ఇంటికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. బావ ఊరుకోమన్నట్టు తల ఊపాడు, మాట మాత్రం లేదు.

ఫిజియోథెరపీ దీదీ ప్రతిసారీ ఒకటే మాట. "కొథా బొల్తే హొబే, దాదూ." మాట్లాడాలి తాతా. మాట్లాడుతూ ఉంటే నాలుక తిరుగుతుంది, ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుంది అని కూతురికి విడిగా చెప్పింది. ఆ పిల్ల నాకు ఫోను చేసింది.

"మావయ్యా, నాన్న మీ పోస్టులు సదువుతన్నాడు. పొద్దున్న లెగిసిన కాణ్ణించి అదే పని. కానీ నోరు ఇప్పడు. మీరేదైనా సెయ్యండి మావయ్యా. ఇల్లు ఇల్లులాగ లేదు."

చదువుతున్నాడని నాకూ తెలుసు. నేను పెట్టిన దాని పక్కన ఆయన చూసిన గుర్తు పడేది. జవాబు రాదు. నేను అబద్ధాలు మొదలుపెట్టాను. కవల పిల్లల సినిమాలో ముగ్గురున్నారని రాశాను. ఆడగొంతు పాటని మగాయన పాడాడన్నాను. పుస్తకం ఒకటి చదివి, చివర్లో హంతకుడు పోలీసే అన్నాను. ఆ పుస్తకంలో హత్యే లేదు. గ్రూపులో అందరూ నా మీద పడ్డారు, పెద్దాయనకి మతి తప్పుతోందని మా ఆవిడకి ఎవరో కబురు కూడా పెట్టారు. బావ చదివేవాడు, గుర్తు పడేది, అంతే. కావాలని చెప్పిన అబద్ధం ఏదో, నిజంగా చేసిన తప్పు ఏదో ఆయనకి నా రాత చూస్తేనే తెలిసిపోతుంది కాబోలు. షాపులో కూడా అంతే. నేను బోల్టు బిగించానని చెబితే నా మొహం చూసి మళ్ళీ బిగించేవాడు.

ఒక ఆదివారం మా ఆవిడ చేపల పులుసు వండింది. అన్నకి ఇష్టమని గిన్నెలో పోసుకుని ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. అందరికీ కంచాలు వేసి కూతురు పిలిచింది. బావ రాలేదు. కంచం లోపలి గదిలోకి వెళ్ళింది, తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

"రోజూ ఇంతేనా?" అని అడిగింది మా ఆవిడ.

"రోజూ ఇంతే అత్తా. సెంచా ఇత్తే ఇసిరీసినాడు. ఎడం సేత్తో తింటన్నాను గదా, నలుగురి ముందర ఎలాగ తినీది అని కాయితం మీద ఆ సేత్తోనే వంకరగా రాసి సూపించినాడు."

నేను మంచినీళ్ళ వంకతో లేచాను. తలుపు సందులోంచి కనబడ్డాడు. మంచం మీద కంచం పెట్టుకుని, ఎడమచేత్తో ముద్ద చేయబోతున్నాడు. ముద్ద విడిపోతోంది. ముల్లు తియ్యడం ఆ చేతికి చేతకావడం లేదు. తలెత్తి నన్ను చూశాడు. చెయ్యి కంచంలోంచి తీసేసి పంచె మీద పెట్టుకున్నాడు. నేను చూడనట్టు వచ్చేశాను. ఆయన నేను చూడలేదని నమ్మినట్టు ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాక, ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఆ సినిమా గుర్తొచ్చింది.

"ఏమే, మన చిన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో వేశారే, అత్తారింటికి వచ్చిన అల్లుడి సినిమా. అందులో హీరోది ఎడమచేతివాటం కదూ?"

"అవునండీ. పంక్తిలో కూకుని ఎడం సేత్తోనే తింతాడు. ఆ అమ్మాయి నెయ్యి ఏస్తాది."

"నీకు బాగా గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదండీ. ఎన్నిసార్లు సూసినాం."

సాక్షి దొరికింది. ఇక ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే రాశాను. ఈసారి నవ్వించడానికి కాదు, అబద్ధమూ కాదు. ఇదిగో, ఇలా రాశాను.

"ఇవాళ పాత సినిమా. మన మైదానంలో వేశారు, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. అందులో హీరో పుట్టు ఎడమచేతివాడు. అత్తారింట్లో పదిమంది పంక్తిలో కూర్చుని ఎడమచేత్తో అన్నం కలుపుకుని తింటాడు. పిల్ల నెయ్యి వడ్డిస్తుంది. మామగారు గానీ, బంధువులు గానీ ఒక్కరూ ఏమీ అనరు. ఆ రోజుల్లోనే అలాంటి సీను తీసిన డైరెక్టరుకి నా సెల్యూట్. ఆకలి ఒకటే, చెయ్యి ఏదైతేనేం. ఈ సినిమాకి ఎప్పటికీ లైన్ క్లియరే."

సినిమా పేరు కూడా రాశాను. ఇక్కడ రాయను. రాస్తే మీరు వెతికి చూసి ఇంకో తగాదా తెస్తారు.

పెట్టిన కాసేపటికే గోల మొదలైంది. రిటైరైన గార్డు ఒకాయన, "ఏటి గురూ, ఆ హీరో ఎడంసేతివోడని ఎప్పుడూ ఇన్లేదే," అన్నాడు. ఇంకొకాయన, "పొద్దున్న మాత్ర ఏసుకున్నావా?" అన్నాడు. నేను తగ్గలేదు. మా ఆవిడ కూడా చూసిందని రాశాను. అంతలో ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుంటున్న వరంగల్ అమ్మాయి ఒకతె, ఎప్పుడూ ఏమీ రాయని పిల్ల, ఆ సినిమా ముక్క ఎక్కడో వెతికి పట్టుకొచ్చి గ్రూపులో పెట్టింది. పంక్తి సీను. హీరో కుడిచేత్తో శుభ్రంగా తింటున్నాడు.

ముక్క మళ్ళీ వేసి చూశాను, కుడిచెయ్యే. అయినా వేళ్ళు ఊరుకోలేదు. "ఇది తరవాత కంప్యూటర్లో తిప్పేసిన ప్రింటు," అని కొట్టాను.

ఆ అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది. "తాతగారూ, తిప్పితే వెనక గోడ మీద క్యాలెండర్ అక్షరాలు కూడా తిరగబడాలి కదండీ. అవి సరిగ్గానే ఉన్నాయి."

గ్రూపంతా పగలబడి నవ్వే బొమ్మలు. మా ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసింది. "ఆ పిల్ల ఏదో మాయ సేసినాది. నేను సూసినప్పుడు ఎడం సెయ్యే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు నవ్వులపాలైనందుకు బాధ లేదు, అది అలవాటే. బావ ఇప్పుడు ఏమనుకుంటాడన్నదే బాధ. తలుపు సందులోంచి చూసినవాడు మర్నాడే ఎడమచేతి హీరోని పుట్టించాడు, నా మీద జాలిపడి కథ అల్లాడు అనుకుంటాడు. జాలి అంటే ఆయనకి ఆ టీ కొట్టు నవ్వు కన్నా ఎక్కువ మంట. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను.

మధ్యాహ్నం అది మోగింది. మామూలుగా ఆ వేళకే, మునుపు మోగినట్టే. తిప్పి చూస్తే బావ పేరు, పక్కన గొంతు గుర్తు. నొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ తడిచేత్తోనే నొక్కింది.

ముందు ఊపిరి వినబడింది. తరవాత ముద్దగా, ఒక్కొక్క మాట తవ్వి తీసినట్టు వచ్చింది.

"ఒరే... బావా. కుడి సెయ్యి. కుడి సెయ్యేరా. నువ్వు... తెర ఎనకాల... కూకున్నావు."

మా ఆవిడ మళ్ళీ నొక్కింది. మళ్ళీ విన్నాం. మూడోసారి కూడా ఆవిడే నొక్కింది. పమిట చెంగుతో ఫోను తుడిచింది, తడి చేసినందుకేమో.

బావ జబ్బు సంగతి తెలియని ఆ వరంగల్ అమ్మాయి ఒక్కతే అడిగింది. "తెర వెనక కూర్చోవడం ఏంది తాతగారూ? అర్థం కాలే."

నన్ను కాదు, బావని అడిగింది. ఆయన గొంతులో తేడా ఆమెకి తెలిసి ఉండదు. ముసలి తాత గొంతు ఇలాగే ఉంటుందనుకుని ఉంటుంది. అడిగిన పిల్లకి జవాబు చెప్పకుండా వదిలే మనిషి కాదు బావ. ఆ సాయంత్రమంతా చెప్పాడు. నాలుగు మాటలు పంపుతాడు, ఆగుతాడు, మళ్ళీ నాలుగు మాటలు. అర్థం కానిచోట ఆ అమ్మాయి మళ్ళీ అడుగుతుంది, ఆయన మళ్ళీ చెబుతాడు. కూతురు తరవాత చెప్పింది, ఆ సాయంత్రం దీదీ వచ్చి, తన పని ఫోను చేస్తోందని గుమ్మంలోనే నిలబడిపోయిందట.

ఆయన చెప్పినది ఇది. అప్పట్లో ఇన్‌స్టిట్యూట్ మైదానంలో వెదుళ్ళు పాతి, పెద్ద తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. బొమ్మ గుడ్డకి అవతలివైపు కూడా పడేది. వాన జల్లు పడి గుడ్డ తడిస్తే వెనకవైపు ఇంకా నిగనిగలాడేది. ముందువైపు కొందరు, వెనకవైపు కొందరు కూర్చునేవారు. వెనక కూర్చున్నవాళ్ళకి మొత్తం తిరగబడి కనబడేది. కుడి ఎడమ, ఎడమ కుడి.

అక్షరాలు తిరగబడటం నాకు తెలుసు. వెనకనుంచి పేర్లు తిరగేసి చదవడంలో మా జట్టుకి పోటీయే లేదు. అక్షరాలు తిరగబడితే చేతులు కూడా తిరగబడతాయని మాత్రం అప్పుడు తట్టలేదు, ఇన్నేళ్ళలోనూ తట్టలేదు. వెనకనుంచి చూసిన సినిమాలన్నీ నా బుర్రలో అలాగే ఉండిపోయాయి. ఎంతమంది కత్తి ఎడమచేత్తో తిప్పారో, ఎంతమంది పైట కుడివైపు వేసుకున్నారో. వాటి మీద ఎన్ని అభిప్రాయాలు ఇచ్చానో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

మరి వెనక ఎందుకు కూర్చున్నాను అంటారా. ముందువైపు ఇన్‌స్టిట్యూట్ మెంబరు కార్డున్నవాళ్ళకి. మా నాన్న చిన్న ఉద్యోగి, కార్డు తీసుకునే స్తోమతు లేదు. ఎప్పుడైనా ధైర్యం చేసి వెళ్ళినా అప్పటికే చోటు నిండిపోయేది. అందుకని చోటులేని వాళ్ళం వెనక్కి పోయి, క్వార్టర్ల ముందు నేల మీద కూర్చునేవాళ్ళం. లేనివాడికి సినిమా కూడా తిరగబడే కనిపిస్తుంది. ఈ వాక్యం రాసి నేనే కాసేపు చూసుకున్నాను, బాగా వచ్చిందని.

ఆ తరవాత వారం మళ్ళీ చేపల పులుసు పట్టుకెళ్ళాం. కంచాలు వేశారు. బావ లోపలి గది గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరమూ పిలవలేదు. పిలిస్తే రాడని మా ఆవిడ ముందే కళ్ళతో చెప్పింది. నేను మాత్రం ఆగలేక, "ఆ కొత్త సినిమా చూశావా బావా, నేను యార్డుకి పంపేశాను," అన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

"హీరోకి నటన రాదు."

"హీరో బాగానే... సేసినాడు. నీకే... సూడ్డం రాదు," అంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కూతురు కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. మా ఆవిడ ముల్లు తీసిన ముక్కలు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు పులుసు పోసింది. బావ ఎడమచెయ్యి కంచంలో పెట్టాడు. నేను కుడిచేత్తో కలుపుకుంటున్నాను. ఎదురెదురుగా కూర్చోవడంతో ఇద్దరి చేతులూ ఒకే పక్కనుంచి లేస్తున్నాయి, ఒకే పక్కకి దిగుతున్నాయి. ఆయన అది చూశాడు. ముద్ద నోట్లో ఉండగానే, "ఇప్పుడు... సరిగ్గా కనపడతన్నానేటి?" అన్నాడు. కూతురు నవ్వబోయి, పొలమారి, లేచి వెళ్ళిపోయింది.

ఇదీ జరిగింది. వల లేదు, ఎత్తు లేదు. తెలిసి చెప్పిన అబద్ధాలకి పలకని మనిషి, తెలియక చేసిన తప్పుకి పలికాడు. అందులో నా గొప్పతనం ఇసుమంత లేదు. అయినా ఊళ్ళో నా కథ నేను మార్చుకోలేదు. మార్చితే రోజూ టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి వినేవాళ్ళెవరు? ఆ దాదా ఇప్పుడు నాకు అల్లం ఎక్కువ వేసి ఇస్తాడు.

బావ మాట పూర్తిగా బాగుపడలేదు. కొన్ని అక్షరాలు ఇంకా జారుతాయి. కానీ ఆగకుండా మాట్లాడతాడు, రోజూ గ్రూపులో నన్ను ఉతుకుతాడు. ఆ వరంగల్ అమ్మాయి పండగకి ఊరెళ్ళలేనప్పుడు బావ ఇంటికొచ్చి, పులిహోర తిని, పాత సినిమాల గురించి అడిగి వెళుతుంది. పనికిమాలిన కబుర్లు అంటారు కదా, సినిమా బాగుందనీ, పాట బాగోలేదనీ ఫోనులో గీకడాన్ని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, నా కబుర్లు తప్ప. ఇప్పుడు ఎవరు ఎంత చెత్త అభిప్రాయం పెట్టినా నాకు కోపం రాదు. తప్పు రాసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. దిద్దేవాడు ఇంకా ఉన్నందుకు రెండు దండాలు. ఆ తెల్లగుడ్డ కట్టినవాళ్ళకీ, దాన్ని తడిపిన వానకీ, క్యాలెండర్ అక్షరాలు చూసిన ఆ పిల్ల కళ్ళకీ నేను రుణపడి ఉన్నాను. ఇంకెవరికైనా ఉన్నానేమో నాకు తెలీదు.

ఇదంతా రాసి, గ్రూపులో పెట్టేముందు బావకి చదివి వినిపించాలని వెళ్ళాను. వరండాలో కూర్చున్నాం. లోపల మా ఆవిడా, మేనకోడలూ బఠాణీలు వలుస్తున్నారు. మొదటినుంచీ చివరిదాకా చదివాను, లేనివాడి సినిమా వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గించి మరీ చదివాను. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక ఎడమచేత్తో గ్లాసు అందుకుని, చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

"ఎలాగుంది బావా?"

"కార్డు లేకపోడమేటిరా?" అన్నాడు. తొందరపడలేదు, ఒక్కొక్క మాటా పూర్తిగా తిప్పి వదిలాడు. "మీ నాన్నకి కార్డు ఉన్నాది. ముందర నా పక్కన తువ్వాలేసి ఆటాటకీ నీకు సోటు ఉంచినాను. ఎవుడొచ్చినా కూకోనివ్వలేదు. నువ్వు రాలేదు. ఎనకాల మా క్వార్టరు అరుగు మీద మా సెల్లి కూకునీది."

లోపల బఠాణీలు గిన్నెలో పడే చప్పుడు ఆగింది.

"నువ్వు సినిమా ఎప్పుడు సూసినావు?"